ముడులు వేయాలా, మిషను మీద కుట్టాలా: ఇంటి బొంతకు ఏది నిలుస్తుంది?

పై గుడ్డ అతకడం అయిపోయింది. పాత చీరల ముక్కలో, ద్వారపూడి నుంచి తెచ్చుకున్న కట్‌పీసులో, నెల రోజులు కూర్చుని కలిపిన అతుకుల గుడ్డ నవారు మంచం మీద పరిచి ఉంది. అడుగు గుడ్డ సిద్ధం, మధ్యలో వేసే దూదీ సిద్ధం. ఇక మిగిలింది ఈ మూడు పొరల్నీ ఒక్కటి చేయడమే. చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. అక్కడక్కడా దారం గుచ్చి ముడులు వేసేద్దామా, మిషను ఎక్కించి వరసలు కుట్టేద్దామా?

ఈ మాట అడిగిన వాళ్ళని నేను రెండే అడుగుతాను. బొంత కడుపులో ఏముంది? దాన్ని ఎలా ఉతుకుతారు? ఏది అందంగా ఉంటుంది, ఏది తొందరగా తెములుతుంది అనేవి ఆ తర్వాతి సంగతులు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు, ఏకిన దూది కిలో తెచ్చి, జానెడు జానెడు దూరంలో రంగు దారాలతో ముడులు వేసి బొంత కుట్టాను. చూడముచ్చటగా ఉండేది. మొదటిసారి ఉతికి ఆరేసిన సాయంత్రం మా అత్తగారు దాన్ని రెండు చేతులా ఎత్తి పడమటి వెలుతురుకి అడ్డం పట్టారు. కొన్నిచోట్ల నల్లగా ఉండలు, కొన్నిచోట్ల అవతలి కొబ్బరి చెట్టు కనిపించేంత పలచన. "ముడి దగ్గర దూది ఆగింది. ముడికీ ముడికీ మధ్య దానికి అడ్డేముందమ్మా?" అన్నారు. అంతకంటే సూటిగా ఈ విషయం ఇంకెవరూ చెప్పలేదు. ముడి ఒక చుక్కని పట్టుకుంటుంది. కుట్టు ఒక గీత పొడుగునా పట్టుకుంటుంది. మీ బొంతలో ఉన్నది చుక్కలకు లొంగేదా, గీతలు కావలసిందా అన్నదే తేల్చుకోవాలి.

ముందు కడుపులో ఏముందో చూడండి

మన వైపు ఇళ్ళల్లో బొంతల్లోకి వచ్చేవి నాలుగు రకాలు.

మొదటిది పాత చీరలు, పంచెలు. దూదే ఉండదు, నాలుగైదు పొరల మెత్తటి నూలు గుడ్డ అంతే. గోదావరి డెల్టాలో చలి అంటే ధనుర్మాసం, సంక్రాంతి రోజుల తెల్లవారుజాముల చలే కాబట్టి నిజానికి మనకు ఇంతకు మించిన మందం అక్కర్లేదు. లోపల జరిగేది ఏమీ లేదు కదా, ముడులు సరిపోతాయి అనిపిస్తుంది. అక్కడే పొరపాటు. ఇరవై ఏళ్ళు కట్టిన చీర నలిగి ఉంటుంది. ముడి వేస్తే, నిద్రలో కాలు పెట్టి లాగిన బలమంతా ఆ ఒక్క చుక్క మీదే పడుతుంది. గుడ్డ అక్కడ చిల్లి పడి, ముడి దారం కుచ్చులా ఊడి చేతికి వస్తుంది. కుట్టు అయితే ఆ లాగుడు వరస పొడుగునా పంచుకుపోతుంది. అందుకే మన పెద్దవాళ్ళు చీరల బొంతలకు ముడులు వేయలేదు. బియ్యపు గింజంత కుట్లతో అంచు నుంచి అంచు దాకా వరసలు వేసుకుంటూ పోయారు. చీరల బొంతకు చేతి కుట్టో, మిషను కుట్టో కావాలి. ముడులు వద్దు.

రెండోది ఏకిన దూది. ఇది విడి దూది, పోగుకీ పోగుకీ పట్టు తక్కువ. తడిస్తే బరువెక్కి కిందికి జారుతుంది, ఎండితే ఎక్కడ జారిందో అక్కడే ఉండ కడుతుంది. దీనికి 2 అంగుళాలకో వరస ఉండాలి, మహా అయితే 3. ముడులతో అదే పట్టు రావాలంటే 2 అంగుళాలకో ముడి వేయాలి. 5 అడుగుల వెడల్పు, 7న్నర అడుగుల పొడుగు బొంతకు అవి పన్నెండు వందలు దాటుతాయి. అంత ఓపిక ఉంటే చేత్తో కుట్టేసుకోవచ్చు. విడి దూదికి నా ఓటు కుట్టుకే.

మూడోది బూరుగు దూది. నున్నగా జారిపోతుంది, వడికి దారం చేయడానికి కూడా పట్టు ఉండదు. తలగడలకూ పరుపులకూ దాన్ని మించింది లేదు. కప్పుకునే బొంతలో మాత్రం వేయకండి. సందు దొరికితే చాలు, నేత సందుల్లోంచి నూగులా బయటికి వస్తుంది.

నాలుగోది షీటుగా వచ్చే దూది. పరుపుల దుకాణాల్లో, కుర్చీలకు మెత్తలు వేసేవాళ్ళ దగ్గర మీటర్ల లెక్కన దొరికే పాలిస్టర్ షీటు, లేదా సూదులతో గుచ్చి గుచ్చి పోగుల్ని పెనవేసిన నూలు షీటు. ఇవి తమంతట తామే ఒక గుడ్డలా ఉంటాయి. ముడులు హాయిగా వేసుకోగలిగేది వీటికే. పాలిస్టర్ షీటుకు 4 అంగుళాల దూరం మంచి లెక్క. సూది గుచ్చిన నూలు షీట్లలో కొన్నింటికి 8, 10 అంగుళాల దూరం కూడా చాలని పొట్లం మీదే రాసి ఉంటుంది. ఆ రాత ఉంటే దాన్నే నమ్మండి. అయినా ముడులైతే నేను 6 అంగుళాలు దాటను. ఆ లెక్కలు కుట్టు వరసల్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి.

మీ దగ్గరున్నది ఏ రకమో తేలకపోతే, జానెడు ముక్క తీసుకుని ఒక మూల పట్టుకుని గట్టిగా పదిసార్లు దులపండి. ముక్క ముక్కలాగే ఉంటే ముడులకు పనికొస్తుంది. సాగి వేలాడినా, పోగులు రాలినా కుట్టే గతి.

తర్వాత ఉతుకు

బండకేసి బాదే ఇల్లయితే ముడుల మాట మర్చిపోండి. బాదినప్పుడు నీళ్ళు తాగిన బొంత బరువంతా ముడుల మీద దెబ్బలా పడుతుంది. గాబులో నానబెట్టి కాళ్ళతో తొక్కి, పిండకుండా నీళ్ళు ఓడ్చి ఆరేసే అలవాటుంటే ముడులు ఏళ్ళ తరబడి ఉంటాయి. వాషింగ్ మిషనులో వేస్తామంటే కుట్టు మేలు. ముడులే కావాలనుకుంటే ప్రతి ముడి దగ్గరా రెండుసార్లు గుచ్చి, రెండు పేటల దారంతో వేయాలి.

ఆరడం సంగతి మన డెల్టాలో వేరే ఆలోచించాలి. ఆషాఢ శ్రావణాల్లో గాలిలోనే చెమ్మ ఉంటుంది. కిలో దూది వేసిన బొంత ఆ రోజుల్లో తడిపితే రెండు మూడు రోజులైనా లోపల పచ్చిగానే ఉండి, ముక్క వాసనా, ఆ వెనకే బూజు మచ్చలూ పడతాయి. నూలు దూది బొంత ఏ పద్ధతిలో చేసినా మాఘం నుంచి వైశాఖం దాకా ఉండే ఎండల్లోనే ఉతకాలి. ఏడాది పొడుగునా తరచుగా ఉతికే అవసరం ఉంటే, మంచాన పడ్డ పెద్దవాళ్ళ కోసమైతే ముఖ్యంగా, చీరల పొరలు గానీ, పలచటి పాలిస్టర్ షీటు గానీ వేసుకోవడమే నయం.

ముడుల బొంతకు మాత్రం ఒక గొప్ప సుగుణం ఉంది. దాన్ని విప్పుకోవచ్చు. కత్తెరతో ముడులు తెంపి, ఒక పక్క అంచు ఊడదీస్తే పై గుడ్డ, అడుగు గుడ్డ, దూది వేటికవి వచ్చేస్తాయి. 2022 జూలైలో గోదావరి పొంగి లంకల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు, మా చుట్టాలింట్లో నానిన బొంతలు రెండు మా ఇంటికి తెచ్చుకున్నాం. ముడులు వేసినది గంటలో విప్పి, బురద పట్టిన షీటు పారేసి, గుడ్డలు ఉతికి మళ్ళీ కొత్త షీటుతో కట్టేశాం. దగ్గర దగ్గరగా మిషను కుట్టు వేసిన దూది బొంతను ఎన్ని నీళ్ళలో జాడించినా కుట్టుకీ కుట్టుకీ మధ్య ఒండ్రు వదల్లేదు. వందల అంగుళాల కుట్టు విప్పే ఓపిక ఎవరికీ లేక చివరికి అవతల పెట్టేశాం. నీళ్ళొచ్చే ఊళ్ళో ఉన్నవాళ్ళు ఈ ఒక్క సంగతీ ఆలోచించుకోవాలి.

ఎవరు కప్పుకుంటారు

పసిపిల్లల కిందికి వేసే పక్క బొంతకు ముడులు వద్దు. దారపు కొసలు నోట్లో పెట్టుకుంటారు, లేత వేళ్ళకు చుట్టుకుంటాయి. ఏడాది లోపు బిడ్డకు నిద్రలో మందమైన బొంత కప్పనే కూడదు, ఊపిరికి అడ్డం వస్తుంది. మిషను కుట్టు వేసిన పలచటి చీరల బొంత కిందికి చాలు.

మెట్టెలు, పట్టీలు పెట్టుకునే ఆడవాళ్ళు కప్పుకునే బొంతకు పొడుగు కుట్లు పనికిరావు. మెట్టె అంచుకు కుట్టు తగులుకుని ఒక్క లాగుడుకి వరసంతా ముడుచుకుపోతుంది. చేత్తో కుడితే కుట్టు పావు అంగుళానికి మించనివ్వకండి. ముడులైతే కొసలు పై వైపుకి రానిచ్చి, కాళ్ళకు తగిలే అడుగు వైపు చిన్న గుచ్చు మాత్రమే ఉండేలా చూసుకోండి.

జరీ అంచు ముక్కలు, పట్టు ముక్కలు, ఉప్పాడ జాందానీ ముక్కలు పై గుడ్డలో కలిపారా? మిషను సూది జరీని తెంపుతుంది, పట్టులో పడిన కన్నం మళ్ళీ పూడదు. అలాంటి ముక్కల్లోపల సూది దింపకుండా, అతుకుల దగ్గర మాత్రమే ముడులు వేసుకోండి. అమ్మమ్మ పట్టుచీర ముక్క ఉన్న బొంతను నేనైతే మిషను కిందికి పోనివ్వను.

ఇంతవరకూ చూసుకున్నాక మీ బొంత ఎటు మొగ్గుతుందో మీకే తెలిసిపోతుంది. షీటు దూది, నెమ్మదైన ఉతుకు, మందపాటి లేదా ఖరీదైన పై గుడ్డ ఉంటే ముడులు. విడి దూది, చీరల పొరలు, గట్టి ఉతుకు, పసిపిల్లలు ఉంటే కుట్టు.

రెండింటికీ ముందు: పరవడం, కచ్చా కుట్టు

ఏ పద్ధతి ఎంచుకున్నా పని చెడేదీ, బాగుపడేదీ ఇక్కడే.

కొత్త గుడ్డలన్నీ ముందే ఒకసారి నీళ్ళలో పెట్టి ఆరేయండి. ఎరుపు, ముదురు నీలం విడిగా నానబెట్టి రంగు వదులుతుందో లేదో చూడండి. కొత్త నూలు గుడ్డ, నూలు దూది షీటు రెండూ నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకోవచ్చు. గుడ్డ ముందే కుంచించుకుంటే తర్వాత బొంత ముడతలు పడదు. దూదిని ఒక రోజంతా ఎండలో పెట్టి, వేడి చల్లారాక వాడండి.

అడుగు గుడ్డకు ఒక చీర చాలు. ఐదున్నర మీటర్ల చీరను మధ్యకు కోసి, రెండు ముక్కల్నీ పక్కపక్కన అతికితే సుమారు 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడుగు వస్తుంది. అడుగు గుడ్డ నాలుగు వైపులా పై గుడ్డ కంటే 3 అంగుళాలు ఎక్కువ ఉండాలి.

శుభ్రంగా తుడిచిన గచ్చు మీద అడుగు గుడ్డను తిరగేసి పరచండి. ముడత లేకుండా సాగదీయాలి గానీ డప్పులా బిగించకూడదు. బిగిస్తే వదిలిన తర్వాత అది వెనక్కి ముడుచుకుని, పై గుడ్డ ఉబ్బుతుంది. మూలలకు, అంచుల మధ్యలకు టేపు అంటించండి. మీద దూది, దాని మీద పై గుడ్డ. అరచేత్తో నడిమి నుంచి అంచులకు తోసుకుంటూ రండి. విడి దూది అయితే దాన్ని రెండు పలచటి మల్లు గుడ్డల మధ్య పెట్టి, ఆ తర్వాత పరచండి. పోగులు బయటికి రావు, మిషను పళ్ళకూ చిక్కుకోవు.

ఇప్పుడు కచ్చా కుట్టు, అంటే పొరలు కదలకుండా వేసి, పని అయ్యాక విప్పేసే కుట్టు. తెల్ల నూలు దారంతో, నడిమి నుంచి మొదలుపెట్టి నాలుగు దిక్కులకూ, బెత్తెడు దూరానికో వరస చొప్పున పెద్ద పెద్ద కుట్లు వేయండి. పిన్నీసులు పెట్టుకున్నా సరే, తుప్పు లేనివి అయితే. మన ఉప్పు గాలికి పిన్నీసు నాలుగు రోజులు గుడ్డలో ఉంటే మరక దిగుతుంది, అందుకే నేను దారాన్నే నమ్ముకుంటాను. ఈ పని ఎగ్గొడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి చేత కాక కూలికి ఇచ్చాను. వాళ్ళు కచ్చా కుట్టు లేకుండా నేరుగా మిషను మీద తోసేశారు. పై వైపు చూస్తే బాగానే ఉంది, అడుగు వైపు తిప్పితే పదకొండు చోట్ల మడతలు కుట్టులో ఇరుక్కుని ఉన్నాయి. అప్పటి నుంచి ఎవరికిచ్చినా కచ్చా కుట్టు నేనే వేసి ఇస్తున్నాను. మీరూ అలాగే ఇవ్వండి.

ముడులు వేసే పద్ధతి

చుక్కలు పెట్టడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ముగ్గులో సందు చుక్కలు పెడతాం చూడండి, ఒక వరసలో చుక్కలు పై వరస చుక్కల మధ్య సందులో పడేలా, బొంతకు అదే పెట్టండి. ఎదురెదురు చుక్కల కంటే సందు చుక్కల్లో ఖాళీ చిన్నదవుతుంది, దూది జరిగే చోటు తగ్గుతుంది. దర్జీ సుద్దతో, 4 అంగుళాల అట్టముక్క కొలతగా పెట్టుకుని గుర్తులు వేయండి. అంచు నుంచి కూడా 4 అంగుళాల లోపలే మొదటి వరస ఉండాలి. 60 అంగుళాలకు 90 అంగుళాల బొంతకు ఈ లెక్కన మూడు వందల చుక్కలు వస్తాయి. ముడికి నిమిషం వేసుకుంటే ఐదు గంటలు, రెండు మధ్యాహ్నాల పని.

దారం దగ్గర రాజీ పడకండి. నిగనిగలాడే సిల్కు దారం, నైలాను దారం ముడి నిలుపుకోవు, జారి విడిపోతాయి. పైగా నైలాను గుడ్డను కోస్తుంది. దీనికి తగిన దారం మన పక్కనే ఉంది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు లేసు అల్లే నూలు దారం. గట్టిది, మెత్తనిది, గరుకు కొంచెం ఉండటం వల్ల ముడి పట్టుకుంటుంది. దాన్ని రెండు పేటలు వేసుకుని వాడండి. ఒక్కో ముడికి ఐదు అంగుళాల లోపు, రెండు పేటలు కాబట్టి పది అంగుళాల లోపు పడుతుంది. మూడు వందలకు 75 మీటర్లు తెచ్చుకుంటే చాలు. రంగు దారమైతే తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి కొనండి.

సూది పెద్ద కన్నుది, మొన వాడిగా ఉన్నది కావాలి. గోనె సంచులు కుట్టే దబ్బనం వద్దు, గుడ్డలో పెద్ద కన్నం చేస్తుంది. మూడు పొరల్లోంచి సూది లాగేటప్పుడు వేళ్ళు జారతాయి. పాత సైకిలు ట్యూబులోంచి రెండు అంగుళాల ముక్క కోసి దాంతో సూదిని పట్టుకుని లాగండి. మూడు వందల ముడుల తర్వాత వేళ్ళు మీకు దండం పెడతాయి.

ఇక ముడి. నడిమి చుక్క దగ్గర సూది నిలువుగా కిందికి దింపండి. ఎడమ చేయి అడుగున పెట్టి, మొన తగలగానే పావు అంగుళం పక్కకు జరిపి పైకి తీయండి. ఏటవాలుగా గుచ్చితే అడుగు గుడ్డ సూదికి అందదు, రెండు పొరలే కలుస్తాయి. మళ్ళీ అదే కన్నాల్లోంచి ఇంకోసారి దింపి తీయండి. దారం తెంపకుండా పక్క చుక్కకు వెళ్ళి అక్కడా ఇలాగే. వరస అయ్యాక చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న దారాన్ని సగానికి కత్తిరిస్తే, ప్రతి చుక్క దగ్గరా రెండేసి కొసలు మిగులుతాయి.

ఆ రెండు కొసల్నీ పట్టుకోండి. కుడి కొసను ఎడమ కొస మీదుగా వేసి, కిందినుంచి చుట్టి లాగండి. ఇది మొదటి చుట్టు. ఇప్పుడు అటువైపు వెళ్ళిన ఆ కొస ఎడమ చేతిలో ఉంటుంది. ఈసారి ఎడమ కొసను కుడి కొస మీదుగా వేసి చుట్టి లాగండి. రెండుసార్లూ కుడిదే మీద వేస్తే అది దొంగ ముడి, ఉతుకులో వదులవుతుంది. సరైన ముడి ఎలా ఉంటుందంటే, రెండు ఉచ్చులు ఒకదానిలోంచి ఒకటి దూరి బల్లపరుపుగా పడుకుని ఉంటాయి, కొసలు గుచ్చిన గీత వెంబడే అటూ ఇటూ చాచుకుంటాయి. దొంగ ముడి కొసలు అడ్డంగా, మెలిక తిరిగి లేస్తాయి. చూడగానే తెలిసిపోతుంది. మొదటి చుట్టు బిగించేటప్పుడు గుడ్డ మీద పెసర గింజంత గుంట పడితే చాలు. చుట్టూ ముడతలు లేస్తే ఎక్కువ బిగించినట్టు, అక్కడే తొందరగా చిరుగుతుంది.

కొసలు ముప్పావు అంగుళం ఉంచి కత్తిరించండి. అర అంగుళం కంటే తగ్గిస్తే నాలుగు ఉతుకులకు ముడి విచ్చుకుంటుంది. గుడ్డ కొంచెం నలిగినట్టు అనుమానం ఉన్నచోట, అడుగు వైపు రూపాయి బిళ్ళంత గుడ్డ ముక్క పెట్టి దాన్ని కూడా కలిపి గుచ్చండి. లాగుడు ఆ బిళ్ళ మీద పరుచుకుంటుంది. పరుపులు కుట్టేవాళ్ళు కూడా ముడి దగ్గర ఏదో ఒక మెత్త పెట్టేది ఇందుకే.

మిషను కుట్టు పద్ధతి

ఇంట్లో కాలితో తొక్కే నల్ల మిషను చాలు, కొత్తది కొనక్కర్లేదు. కష్టమల్లా ఒక్కటే. సూదికీ మిషను కంబానికీ మధ్య ఆరేడు అంగుళాల సందే ఉంటుంది, ఆ సందులోంచి సగం బొంత దూరాలి. అందుకని బొంతను రెండు పక్కల నుంచీ చాప చుట్టినట్టు గట్టిగా చుట్టి, నడిమి వరస మాత్రం బయట ఉంచుకోండి. మిషను ఎడమ పక్కన, వెనక పక్కన బల్లలు వేసి బొంత బరువు వాటి మీద ఆనేలా చూడండి. బరువు నేలకు వేలాడితే అది సూదిని లాగుతుంది. గీత వంకర పోతుంది, ఒక్కోసారి సూది విరుగుతుంది.

సూది 16 నంబరుది, కొత్తది పెట్టండి. దారం నూలుదో, స్పన్ పాలిస్టరో మామూలు కుట్టు దారం. కుట్టు పొడవు అంగుళానికి ఎనిమిది పడేలా పెట్టుకోండి. అంతకంటే చిన్నవైతే గుడ్డ గట్టిపడిపోతుంది, పెద్దవైతే మెట్టెలకు తగులుకుంటాయి. మిషను తల మీద ఉండే ఒత్తిడి స్క్రూను రెండు మూడు చుట్లు వదులు చేయండి. లేకపోతే పాదం మందపాటి బొంతను నొక్కి పట్టి కదలనివ్వదు.

ముడతలు ఎందుకు పడతాయో తెలిస్తే సగం పని అయినట్టే. మిషను పళ్ళు అడుగు గుడ్డను మాత్రమే ముందుకు లాగుతాయి. పై గుడ్డ పాదం కింద రాచుకుంటూ వెనకబడుతుంది. మూరెడు కుట్టేసరికి పై గుడ్డ అర అంగుళం మిగిలి, వరస చివర మడతై కూర్చుంటుంది. దీనికి విరుగుడు వాకింగ్ ఫుట్ అనే పాదం. దానికీ పళ్ళుంటాయి కాబట్టి పై గుడ్డను కూడా సమంగా నడిపిస్తుంది. మీ మిషనుకు సరిపడేది కుట్టు మిషను సామాన్ల కొట్లో అడిగి తెచ్చుకోండి. కొనేటప్పుడు మిషను పాత పాదం విప్పి చేతిలో పట్టుకెళ్తే పొరపాటు రాదు. అది దొరక్కపోతే, కచ్చా కుట్టు వరసలు రెట్టింపు చేసి, రెండు అరచేతులూ సూదికి అటూ ఇటూ బల్లపరుపుగా పెట్టి, నెమ్మదిగా తొక్కండి.

అసలు బొంత మీదికి వెళ్ళేముందు అవే మూడు పొరలతో జానెడు ముక్క కుట్టి చూడండి. అడుగు దారం పైకి కనిపిస్తే పై దారం బిగువు ఎక్కువ, వదులు చేయండి. అడుగు వైపు పై దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తే బిగువు చాలలేదు, బిగించండి.

మొదటి వరస బొంత నట్టనడుమ పొడుగునా వేయండి. తర్వాత దాని కుడి పక్క వరస, ఆ పక్క వరస, అలా అంచు దాకా. అప్పుడు బొంతను తిప్పి ఎడమ సగం. కుడి సగంలో పక్కపక్క వరసలన్నీ ఒకే చివర నుంచి మొదలుపెట్టండి, ఎడమ సగంలోనూ అంతే. ఒకటి అటు నుంచి, ఒకటి ఇటు నుంచి కుడితే మధ్య గుడ్డ ఏటవాలుగా మెలి తిరిగినట్టు కనిపిస్తుంది. ప్రతి వరస మొదట్లో, చివర్లో నాలుగు చిన్న కుట్లు దగ్గరగా వేసి దారం తెంపితే ఊడదు. 60 అంగుళాలకు 90 అంగుళాల బొంతకు 3 అంగుళాలకో వరస పొడుగునా వేస్తే 19 వరసలు, 43 మీటర్ల కుట్టు అవుతుంది. పై దారం, అడుగున ఉండే బాబిన్ దారం కలిపి 130 మీటర్లు దగ్గర పెట్టుకోండి. బాబిన్లు ముందే నాలుగైదు చుట్టి ఉంచుకోండి. విడి దూదికి అడ్డంగా కూడా వరసలు వేసి గళ్ళు చేయాలి, అప్పుడు దారం రెట్టింపు.

పై గుడ్డలో అతుకులుంటే, అతుకు పక్కనే, లోపలి మడత పడని పల్లపు వైపు కుట్టు పోనివ్వండి. గీత గీయక్కర్లేదు, కుట్టు కనబడనూ కనబడదు.

రెండూ కలిపి

షీటు దూది బొంతలకు ఈ మధ్య నేను ఎక్కువగా చేసేది ఇదే. పొడుగునా నాలుగు, అడ్డంగా ఐదారు పెద్ద అతుకుల వెంబడి మిషను కుట్టు వేస్తాను. ఆ గడుల లోపల ముడులు వేస్తాను. బొంత బరువును గీతలు మోస్తాయి, ముడులు దూదిని నిలబెడతాయి, మెత్తదనం పోదు. ముడుల లెక్క సగానికి తగ్గుతుంది. అత్తారింటికి వెళ్ళే పిల్లకు ఇచ్చే బొంత ఇలాగే చేయమంటాను.

అంచుకు ఖర్చు పెట్టక్కర్లేదు. పాత నూలు చీరకు రెండు వైపులా ఉన్న అంచులు కత్తిరిస్తే దాదాపు 11 మీటర్లు వస్తాయి. ఈ బొంత చుట్టుకొలత ఎనిమిది మీటర్ల లోపే. రెండున్నర అంగుళాల వెడల్పున కోసి, మధ్యకు మడిచి, పై వైపు మిషను మీద కుట్టి, అడుగు వైపుకి తిప్పి చేత్తో కుట్టేయండి. కచ్చా కుట్టు ఆ తర్వాతే విప్పండి.

మొదటి ఉతుకు మీరే ఉతకండి, ఇంకొకరికి ఇవ్వకండి. చన్నీళ్ళలో అరగంట నానబెట్టి, తొక్కి, మెలిపెట్టకుండా మడిచి నొక్కి నీళ్ళు ఓడ్చండి. ఒకే తీగ మీద వేస్తే బరువంతా ఆ మడత దగ్గరే పడుతుంది. రెండు తీగల మీద పందిరిలా పరచి, మధ్యాహ్నం ఒకసారి తిరగేయండి. పూర్తిగా ఎండాక ఇద్దరు చెరో అంచు పట్టుకుని సాయంత్రపు ఎండకు అడ్డంగా ఎత్తండి. ఎక్కడైనా వెలుతురు చుట్టూ ఉన్నదాని కంటే ఎక్కువగా దిగుతుంటే సుద్దతో గుర్తు పెట్టండి. ముడుల బొంత అయితే వేళ్ళతో దూదిని ఆ చోటికి మెల్లగా తోసి, చుట్టూ మూడు నాలుగు ముడులు అదనంగా వేయండి. కుట్టు బొంత అయితే దాని పక్కనుంచి ఇంకో వరస పోనివ్వండి. రెండో ఉతుకు తర్వాత మళ్ళీ ఒకసారి ఎత్తి చూడండి.